ఇంటి ఓనరు కిష్టయ్య రాయునది

ఇబ్రహీంపట్నం బస్టాండు,
డిసెంబర్ 3

చర్చి సెక్రటరీ దయాకర్‌కు, బావులు తవ్విన కిష్టయ్య చెప్పేది జర నిమ్మళంగ చదువు.

ఆధార్ కార్డు వచ్చింది. ఇల్లు లేనోనికి కార్డు రాదని ఆఫీసోళ్లు తిప్పుతుంటే నువ్వే చర్చి కాగితం మీద రాసిచ్చినవ్, మర్చిపోను. కార్డు మీద నా పేరు కింద ఇంటి నంబరు 6-84 అని ఉన్నది. డెబ్బై ఒక్క ఏండ్లల్ల నా పేరు పక్కన ఇల్లు పడుడు ఇదే మొదలు.

మొన్న ఆదివారం పోయి ఇల్లు చూసుకున్న. లోపల మీవాళ్లు పాటలు పాడుతున్నరు. పాడనీ, నేనేమనలే. గోడలు గట్టిగున్నయ్. గానీ గేటుకు నీలం రంగు ఎవలు ఎయ్యమన్నరు? నన్ను ఒక మాట అడగాలె గద. ఎనుక నల్లా కారుతున్నది. పదిహేడు బావులు తవ్విన చేతులివి, నీళ్లు దండుగ పోతుంటే చూడలేను. జల్ది బాగు చేపియ్యి.

ఇట్లు,
కిష్టయ్య, ఇంటి ఓనరు

మళ్లొక మాట: జవాబు బస్టాండుల టీ కొట్టు రితేష్‌కు ఇయ్యి. నేను ఇంక ఇంట్ల దిగలే. ఇక్కడ అరుగు మీదనే పండుకుంటున్న.

*

కరుణ చర్చి ఆఫీసు,
డిసెంబర్ 7

పెద్దలు కిష్టయ్య గారికి దయాకర్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి సంతోషించాను, కాస్త కంగారు కూడా పడ్డాను. కార్డు మీద ఉన్నది మా చర్చి డోర్ నంబరు. మీ పింఛను కాగితాలు వచ్చి చేరడానికి ఒక చిరునామా కావాలి కాబట్టి అలా రాయించాం. ఆ నంబరు మీద మీతో పాటు ఇంకా ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. భవనం మాత్రం సంఘానిది. ముందే విడమరిచి చెప్పకపోవడం నా పొరపాటు.

నల్లా బాగైంది.

మీ మేలు కోరే,
దయాకర్

తా.క. మీరు ఉత్తరం వేసింది పోస్టు డబ్బాలో కాదు, మా ప్రార్థన మనవుల పెట్టెలో. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సింధూర అక్క కళ్లజోడు సర్దుకుని అందులో ఉన్న చీటీలన్నీ వరసగా చదివేసింది. జ్వరాలు, పరీక్షలు, పెళ్లి సంబంధాల మధ్య మీ నల్లా కూడా వచ్చింది. అందరూ కళ్లు మూసుకుని "ఆమెన్" అన్నారు. వాళ్లలో ప్లంబరు కూడా ఉన్నాడు.

*

బస్టాండు,
డిసెంబర్ 9

దయాకరూ, నీ కాగితం అందింది. చేతిరాత మంచిగున్నది, మాటలే మంచిగ లెవ్వు.

సర్కారు నా ఫొటో పెట్టి ఇది కిష్టయ్య ఇల్లు అని రాస్తది, నువ్వేమో కాదంటవ్. సర్కారు అబద్ధమాడిందంటవా? ముప్పై ఎనిమిది మంది పాలోళ్లు ఉంటే ఉండనీ, పంచుకుంటం. నల్లా బాగు చేసిన్రంటే నా మాట చెల్లుతున్నట్టే గద?

ఇగ అసలు సంగతి. ఈ అరుగు మీద నేను గాక ఏడుగురు పండుకుంటరు. చలి మస్తు పెరిగింది. రజియా బేగం దగ్గుతుంటే బస్సు ఎక్కేటోళ్లు కూడ ఎనుకకు తిరిగి చూస్తున్నరు. దవాఖానల మందిచ్చి, చలిల పండుకోకు అని చీటీ మీద రాసిన్రు. ఎక్కడ పండుకోవాల్నో రాయలే. అందుకే నా ఇంట్ల పెద్ద హాలు రాత్రిపూట వాళ్లకు ఇచ్చేసిన. వచ్చే ఆదివారం పొద్దుగూకంగనే వస్తరు. చాపలు పరిపియ్యి.

ఇట్లు,
ఓనరు కిష్టయ్య

మళ్లొక మాట: మీ పాస్టరు సంజీవ సారు గొర్రెల గురించి గంటసేపు చెప్పిండు. మంచిగనే చెప్పిండు. గొర్రెలను బయట ఇడిసిపెట్టి దొడ్డికి తాళమేసుడు మాత్రం నేను మీ తాననే చూసిన.

*

చర్చి ఆఫీసు,
డిసెంబర్ 13

కిష్టయ్య తాతకు దయాకర్ దండాలు.

ఈ ఉదయం కమిటీ కూర్చుంది. మీ ఆలోచన చాలా మంచిదని అందరూ ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకున్నారు కాబట్టి ఒక ఉపకమిటీ వేశారు. ఈస్టర్ తర్వాత అది నివేదిక ఇస్తుంది. అప్పటికి ఎండలు ముదురుతాయని నాకూ తెలుసు, ఏం చేయను? అధ్యక్షులు నగేష్ గారి భయమంతా హాల్లో కొత్తగా వేసిన తెల్ల టైల్స్ గురించి. ఆయనే దగ్గరుండి వేయించారు. అప్పటిదాకా ఎవరినీ తీసుకురావద్దని మనవి. ఎనిమిది దుప్పట్లు పంపుతున్నాను. ఉత్తరాలు దయచేసి ఆ పెట్టెలో వేయకండి.

మీ
దయాకర్

తా.క. ఇది మీకు చెప్పకూడదు. నిన్నటి ప్రార్థనకు రెట్టింపు జనం వచ్చారు, "ఓనరు తాత ఉత్తరం ఉన్నదా?" అనుకుంటూ. ఏడుగురు ఆదివారం వస్తారని చదవగానే అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నగేష్ గారే. చదివింది వినలేదట. వినకుండా అన్న ఆమెన్ చెల్లుతుందా అని పాస్టరు గారిని అడిగారు. ఆయన నిన్నటి నుంచి బైబిలు ముందేసుకుని కూర్చున్నారు.

*

బస్టాండు,
డిసెంబర్ 14, పొద్దున

దయాకరూ, ఈ కాగితం నీకు గాదు, నగేష్ సారుకు. ఇది నోటీసు.

నగేష్ సారూ, ఆదివారం మూడు గంటలు మీరు నా ఇల్లు వాడుకుంటున్నరు. వాడుకోన్రి, కిరాయి అడుగుతలేను. గానీ నా ఇంట్ల ఎవలు పండుకోవాల్నో నేను చెప్త. టైల్స్ గురించి ఫికర్ పెట్టుకోకు. రజియా బేగం నలభై ఏండ్లు మందిండ్లల్ల బండలు తుడిచింది. తుడిచిన బండల మీద పండుకునే వంతు ఆమెకు ఒక్కపారి గూడ రాలే.

దుప్పట్లల్ల ఒకటి వాపస్ పంపుతున్న. ఓనరు సొంతింట్ల దానం పట్టడు.

ఇట్లు,
కిష్టయ్య

మళ్లొక మాట: దయాకరూ, నువ్వు వద్దన్నవని దీన్ని పెట్టెల ఎయ్యలే. సక్కగ సింధూర బిడ్డ చేతికే ఇచ్చిన.

*

చర్చి ఆఫీసు,
డిసెంబర్ 16

తాతా, మీరెక్కడున్నా ఈ నాలుగు ముక్కలు చదవండి.

ఆదివారం ఆరాధనలో సింధూర అక్క మీ నోటీసు మైకులో చదివింది. బండలు తుడిచిన మాట దగ్గర నగేష్ గారు లేచి విసవిసా బయటికి వెళ్లారు. కోపం వచ్చిందనుకున్నాం. కారు డిక్కీలోంచి ఎనిమిది చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. శనివారమే కొన్నారట. "ఆమెన్ అంటిని గదా! రెండు రోజులాయె నిద్ర పట్టక" అన్నారు. ఉపకమిటీ రద్దయింది.

రాత్రి ఏడుగురూ వచ్చారు. రజియా బేగం టైల్స్ మీద వేలు రాసి చూసి, "ఎవలు తుడిచిన్రు సారూ? మూలలు ఇడిసిపెట్టిన్రు" అని నగేష్ గారిని మందలించింది. ఆయన మర్నాడు మూలలు తుడిచారు.

మీరు మాత్రం రాలేదు. కిటికీ పక్కన మీ చాప రెండు రోజులుగా ఖాళీగా ఉంది. ఇల్లు మీది కాదన్నానని అలిగారా? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను తాతా.

మీ
దయాకర్

తా.క. మీరు తుర్కయాంజాల్ షేర్ ఆటో ఎక్కారని రితేష్ చెప్పాడు. ఈ ఉత్తరం ఆ ఆటో డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

*

తుర్కయాంజాల్,
డిసెంబర్ 18

బిడ్డా దయాకరూ, అలుగుడు లేదు ఏం లేదు, మంచిగున్న.

ఇల్లు నాది కాదని నాకు మొదటి దినమే ఎరుక. రాత్రిబడి చదువైతే మాత్రం గంత బుద్ధి లేదనుకున్నవా? పోయినేడు చలికాలం మీ గేటు కాడనే నిలబడి, "ఒక ముసలామె ఉన్నది, జర జాగ ఇయ్యున్రి" అని దండం పెట్టిన. కావలాయన పది రూపాయలు చేతుల పెట్టి పంపిండు. మంచోడే. గానీ ఆ మాట లోపలికి పోలే. అడుక్కునేటోని మాట గేటు కాడనే ఆగుతది. ఓనరు లొల్లి పెడితే కమిటీ కూసుంటది. అందుకే ఓనరునైన. ఇంకొకపారి దండం పెట్టకుండ పని అయ్యింది.

మీ అందరిది పెద్ద మనసు. రజియా బేగం దగ్గు తగ్గిందా, రాయి. నా చాప చుట్టిపెట్టు, వస్త. ఇక్కడ జర పనున్నది. హైవే పక్కన దుకాణాల షట్టర్ల ముంగట పదకొండు మంది పండుకుంటున్నరు. ఎదురుంగనే ఒక చర్చి. మీదాని కంటే పెద్దది, రెండంతస్తులు. మొత్తం తిరిగి చూసిన, నాకు నచ్చింది.

నా ఆధార్‌ల అడ్రసు మార్పియ్యాలె. ఏమేం కాగితాలు కావాల్నో జల్ది రాసి పంపు.

ఇట్లు,
కిష్టయ్య

మళ్లొక మాట: ఈపారి నంబరు రాసేటప్పుడు పై అంతస్తు గూడ కలిపి రాయి. పదకొండు మంది కింద పట్టరు.