జైబున్నమ్మ గాజులు

అమ్మా, మేం బాగున్నాం, కంగారు పడకు. ఫోన్లో నీకు సరిగ్గా ఇనబడదని రాత్తన్నాను. మనకి గాజులు తొడిగే జైబున్నమ్మ లక్ష్మివారం కిడ్నీ జబ్బుతో పోనాది. ఈ ఊళ్ళో వాళ్ళదొక్కటే సాయిబుల ఇల్లు కదా, శవానికి నీళ్ళు పొయ్యడానికి పలాస నుంచొచ్చిన ముసలావిడ నన్ను సాయం పిలిసింది. ఒంటి మీద గాజులుండకూడదట. సేతులు పొంగిపోయి అవి రాలేదు. "పగలగొట్టెయ్" అన్నాది. మొగుడు కాసిం మావ గుమ్మం బయటే కూకున్నాడు, పగిలిన సప్పుడు ఇంటాడని నాకు మనసొప్పలేదు. సబ్బు రాసి, జైబున్నమ్మ నాకు తొడిగినప్పుడు నొక్కినట్టే అరసెయ్యి నొక్కి ఒక్కొక్కటీ తీసినాను. ఆఖరిది పుటుక్కుమన్నాది. "ఏటది?" అన్నాడు మావ. సబ్బుపెట్టి పడిందని అబద్ధమాడినాను. పొద్దుగూకక ముందే పలాస తీసుకెళ్ళి మట్టి సేసినారు.

మీ అల్లుడు సముద్రం మీద వేటకెళ్ళి నాలుగు రోజులైంది. నా సేతిలో గాజు పగిలింది, దోషమేటన్నా ఉందా? నాన్న కంట్లో మందు మర్సిపోకుండా ఎయ్యి. నిన్న కాసిం మావ నేను తీసిన మిగతా గాజులు మూటగట్టి తెచ్చి, "నువ్వే తొడుక్కో తల్లీ. ఆ సప్పుడు ఏటో నాకు తెలుసులే" అన్నాడు. మీ అల్లుడు ఒడ్డుకొచ్చీదాకా దేవుడి గూట్లో పెట్టినాను. అప్పుడు తొడుక్కోనా? వదిన సేత వెంటనే రాయించు. అందరికీ దండాలు.

నీ కూతురు దేవి