పొగ మింగిన ఎండ

బొబ్బిలి,
22-1-1968.

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకుమారికి మీ అత్తయ్య నిండు మనసుతో దీవించి రాసేది.

అబ్బాయి జగన్నాధానికి మిల్లు దుమ్ముతో పట్టిన దగ్గు తగ్గిందా? నీ నడుంనొప్పి ఎలా ఉంది? మనవరాలు తాయారుకు జ్వరం గానీ, విరేచనాలు గానీ లేవు కదా? ఇక్కడ మీ మామయ్యకు మోకాళ్ళు పట్టేయడం మామూలే. నేను బాగానే ఉన్నాను, నిద్ర ఒక్కటే రావడం లేదు.

నీ ఉత్తరం ఎవరికీ ఇవ్వకుండా నేనే కూడబలుక్కుని చదివాను. రెండేళ్ళు నిండినా పిల్ల నిలబడితే కాళ్ళు విల్లులా వంగుతున్నాయని, పక్కింటావిడ చెప్పినట్టు వెదురుబద్దలు కట్టమంటారా అని అడిగావు. కట్టవద్దు. మెత్తబడిన ఎముకను బిగించకూడదట.

ఆ మాట నాది కాదు. నీ ఉత్తరం పట్టుకుని మిషను ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. పిల్లకు ఎండ తగులుతోందా అని అడిగింది. హౌరాలో ఎండకేం తక్కువ, కిటికీ అద్దంలోంచి రోజూ పడుతుంది అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఎండలో కంటికి కనబడని కిరణం ఒకటి ఉందట. అది ఒంటిమీద పడితేనే పిల్లల ఎముక గట్టిపడుతుందట. మిల్లుల పొగ, కుంపట్ల పొగ దాన్ని చాలావరకు పైనే మింగేస్తుందట. మిగిలిన కాస్తా అద్దం దగ్గర ఆగిపోతుంది. పెద్ద పట్నాల్లో ఎండ తగిలి ఆ పొగే ఇంకో విషమై కళ్ళు మండిస్తుందని కూడా అంది. "మీ పెరట్లో ఎండకు ఏ అడ్డూ లేదమ్మా. పిల్లని ఇక్కడికి తెప్పించండి" అంది.

ఇక అసలు మాట. దీన్ని డాక్టరమ్మ దగ్గర దాచాను. ఏడాదిన్నర కిందట మీ దగ్గర ఉన్నప్పుడు డాబా మీద ఆరేసిన తాయారు గుడ్డలు సాయంత్రానికి మసిబారాయి. గుడ్డలకే ఇలా ఉంటే పిల్ల ఊపిరిలోకి ఎంత పోతుందోనని హడలిపోయాను. "నాను సెప్పేదాకా పిల్లని డాబా ఎక్కించకు" అని తాయారు తల మీద నీ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. తర్వాత నేను మర్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆ ఒట్టు తప్పలేదని నువ్వు చివర రాసిన ముక్క చూశాకే నాకు అది గుర్తొచ్చింది. పైగా, కోడలికి పిల్లను పెంచడం రాదని నలుగురిలో అన్నదీ నేనే. అలా అన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను.

వేయించిన మనిషే ఒట్టు తీసెయ్యాలి. ఇదిగో, తీసేశాను. ఈ ఉత్తరం అందిన రోజే, పొగ పలచబడిన వేళ చూసి పిల్లని డాబా మీదకు తీసుకెళ్ళు. అది చాలదు. నేనే వచ్చి మీ ఇద్దరినీ తీసుకొస్తాను. నువ్వుల నూనె రాసి, నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, రోజూ పెరట్లో ఎండ చూపిస్తాను. ఎముక బలానికి పిల్లకు తాగించమని డాక్టరమ్మ చేపనూనె సీసా ఇచ్చింది. అది రైల్లో పగులుతుందేమోనని మూడు పాత చీరల్లో చుట్టాను.

మీ మామయ్య నవ్వారు. "బొబ్బిలి సంతలోనే దారి తప్పుతావు, ఒక్కర్తివీ హౌరా ఎలాగెల్తావే?"

"తప్పితే అడుగుతాను. నోరున్నాది కదా" అన్నాను.

రైలు తలుచుకుంటే భయంగానే ఉంది. అయినా టిక్కెట్టు తీయించేశాను. అబ్బాయిని స్టేషనుకు పంపించు. రథసప్తమి వెళ్ళిన మూడోనాడు, దశమి గురువారం, ఫిబ్రవరి ఎనిమిదిన విజయనగరంలో మెయిలు ఎక్కుతున్నాను.

ఇట్లు,
మీ అత్తయ్య, తాయారు నాయనమ్మ
లక్ష్మీనరసమ్మ.