వరిగింజంత పేరు

గౌరవనీయులైన ఆల్సీడ్ వెర్డిన్ గారికి,

దేవుని దయవల్ల మీరు, మీ ఇంటివారు కులాసా అని తలుస్తాను. మీ కొట్టు ముందు ‘పేర్లు రాయబడును’ అన్న బోర్డు చూసి రాస్తున్నాను.

నాకొక చిన్న పేరు రాయించాలి. చోటు ఇరుకు. యాభై ఎనిమిదేళ్ళ నాటిది. గట్టిగానే ఉంది గాని ఎండకు మాడి అక్కడక్కడ ముడతలు పడింది. రోజూ నీళ్ళలో ముంచక తప్పదు.

ఆ పేరు ఒక్కరు చదవాలి. ఆ ఒక్కరూ చదివితే నాకింకేమీ అక్కర్లేదు. మిగతావాళ్ళ కంట పడితే మాత్రం తలెత్తుకోలేను. జపమాల పూసంత ఎత్తు సరిపోతుందా?

జవాబు ఉత్తరంలోనే ఇవ్వండి. ఫోన్ మా చెల్లెలు వెర్లీ ఎత్తుతుంది.

ప్రార్థనలతో,
మిస్ టూప్స్

తా.క. కవరు మీద బొమ్మలేమీ లేకుండా చూడగలరు.

*

మిస్ టూప్స్ గారికి,

ఆల్సీడ్ వెర్డిన్ దండాలు. యాభై ఎనిమిదేళ్ళదంటే సైప్రస్ చెక్క పడవ అయ్యుంటుంది. ఇప్పుడలాంటివి ఎక్కడున్నాయండీ. ముడతల గురించి బెంగ పెట్టుకోకండి. గరుకు కాగితంతో బాగా రుద్ది, తారు పూసి, ఒక వారం బోర్లా పడేస్తే నున్నగా అయిపోతుంది. అడుగున నాచు ఉంటే నేనే గీకేస్తాను.

ఇక సైజు. పూసంత రాస్తే పీతలు కూడా చదవలేవు. చట్టప్రకారం నాలుగంగుళాలకు తగ్గకూడదు. ముందు రెండు పక్కలా రాయాలి, వెనక రాయాలి.

ఇంకో మాట. ఎవరికీ కనబడకూడదంటున్నారు. రాత్రిపూట దొంగ వల లాగే రకమైతే నన్ను ఇరికించకండి. పిల్లలు గలవాణ్ణి.

మీ,
ఆల్సీడ్

తా.క. వెనక భాగం ఎంత వెడల్పు? బాగా వెడల్పుగా ఉంటే ఊరి పేరు కూడా పట్టించేద్దాం.

*

వెర్డిన్ గారికి,

మీ ఉత్తరం చదివి ప్రార్థన పుస్తకంలో దాచాను. తరవాత అక్కడినుంచి కూడా తీసేశాను.

నాకు పడవ లేదు. మీ బోర్డులో కింది వరస చూసి రాశాను. నాకు కావలసింది పచ్చబొట్టు. ఆ మాట రాయడానికి చెయ్యి రాక చుట్టూ తిప్పి రాశాను. తప్పు నాదే. నేను చెప్పిన చోటు నా ఎడమ మణికట్టు లోపలివైపు. పేరు ఒడీల్.

మీ కవరు మీద పుర్రె ఉంది. దాని నోట్లో రొయ్య ఉంది. పోస్టాఫీసులో అర్లీన్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, “ఇది నీకేనా, వెర్లీకా?” అంది. “వెర్లీకి” అన్నాను. నా జీవితంలో ఇంతకుముందు చెల్లెలి మీద ఎప్పుడూ నింద వెయ్యలేదు.

సిగ్గుతో,
మిస్ టూప్స్

తా.క. వెనక భాగం వెడల్పు గురించి జవాబు ఉండదు.

*

మిస్ టూప్స్ గారికి,

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు రోజులు పడవ కింద దూరి పనిచేశాను. మన్నించండి.

పెద్దవారు గనక ఒక్కటి చెబుతాను. ఒడీల్ ఎవరో నేనడగను. మనసుకు వయసు లేదు, ఫాదర్‌కి చెప్పేవాణ్ణీ కాను. కాని ఇష్టపడ్డ మనిషి పేరు పొడిపించుకున్నవాళ్ళు మళ్ళీ నా దగ్గరికే వస్తారు, దానిమీద చేప బొమ్మ వెయ్యమని. నేను వేసిన చేపల్లో సగం ఒకప్పుడు ఆడవాళ్ళు. ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోండి.

సైజు సంగతి. ఇంగ్లీషులో ఈ పేరు రాస్తే o, d, e మూడక్షరాలకూ కడుపులున్నాయి. సిరా చర్మంలో పాకుతుంది. మరీ చిన్నగా పొడిస్తే కడుపులు పూడుకుపోతాయి. అప్పుడది రాత కాదు, మరక. మూడు సైజుల్లో ఊదారంగు అచ్చుకాగితాలు పంపుతున్నాను: వరిగింజంత, మీ జపమాల పూసంత, చిక్కుడు గింజంత. చెయ్యి తడిపి అద్దుకుని, చెయ్యి చాపి చూసుకోండి. చదవాల్సినవాళ్ళు ఎంత దూరంలో కూర్చుంటారో అంత దూరం.

మీ,
ఆల్సీడ్

తా.క. (వెనక చూడండి) శనివారం మాత్రం అద్దుకోకండి. సబ్బుకు వదలదు.

*

వెర్డిన్ గారికి,

కాగితం వెనక్కి తిప్పింది ఆదివారం పూజ అయ్యాక.

శనివారం సాయంత్రం చిక్కుడు గింజ సైజు అద్దుకున్నాను. సబ్బు, నిమ్మకాయ, బూడిద, అన్నీ అయ్యాయి. మర్నాడు గుడిలో ద్రాక్షారసం గిన్నె పట్టుకునే వంతు నాది. మణికట్టుకు రుమాలు చుట్టుకున్నాను. ఫాదర్ గ్యాస్టన్, “బెణికిందా తల్లీ?” అన్నారు. తల ఊపాను. ఆయన పూజ మధ్యలో ఆగి, నా మణికట్టు కోసం అందరిచేతా ప్రార్థన చేయించారు. సాయంత్రానికి మా ఇంటికి మూడు కుండల గంబో పులుసు వచ్చింది. నేను ఆ కుండల మూతైనా తియ్యలేదు. వెర్లీ మాత్రం, “అక్కా, రెండో చెయ్యి ఎప్పుడు బెణుకుతుంది?” అని అడుగుతోంది.

మీరు అనుకున్నది కాదు. ఒడీల్ నా పేరే.

మా అమ్మకు ఎనభై ఎనిమిది. మేమెవరమో గుర్తుపట్టడం మానేసింది. నన్ను “నర్సమ్మా” అంటుంది, చాలా మర్యాదగా. అన్నం పెడితే థాంక్స్ చెబుతుంది. ఆ థాంక్స్ వినలేను. కాని చదవడం మరిచిపోలేదు. వసారాలో కూర్చుని కాలువలో పోయే పడవల పేర్లన్నీ పైకి చదువుతుంది, బియ్యం బస్తా మీది రాత కూడా. ఒకనాడు నా పేరు చీటీ మీద రాసి జాకెట్టుకు గుచ్చుకున్నాను. చదివి, చీటీ ఊడదీసి, “ఈ ఒడీల్ ఎవరో పాపం, పారేసుకుంది” అని దిండు కింద దాచింది. చేతి మీద ఉంటే పారేసుకున్నది అనుకోదు గదా. నా మొహం చూస్తూ నా పేరు ఒక్కసారి పలికితే చాలు.

వరిగింజ సైజే వెయ్యండి. గుడిలో ఇంకోసారి అబద్ధమాడలేను.

సిగ్గుతో,
ఒడీల్ టూప్స్

తా.క. మీ చేపల మాట చదివి నవ్వాను. అది కూడా ఫాదర్ దగ్గర పాపాల ఒప్పుకోలులో చెప్పాను.

*

మిస్ ఒడీల్ గారికి,

ఎనభై ఎనిమిదేళ్ళ కళ్ళకు వరిగింజ ఆనదు. చిక్కుడు గింజ వేయించుకుని పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కోండి. ఊళ్ళోవాళ్ళు చదవకూడదని అమ్మ కూడా చదవలేకుండా చేసుకుంటారా? చెప్పాల్సింది చెప్పాను. చెయ్యి మీది, సూది నాది.

మంగళవారం రండి. వెనక తలుపున రండి, ముందర రంగు ఆరలేదు.

మీ,
ఆల్సీడ్

తా.క. వెనక వెడల్పు అడిగిన ఉత్తరం సంగతి మా ఆవిడకు చెప్పాను. వరండాలో పడుకుంటున్నాను.

*

ఆల్సీడ్ గారికి,

ఆ మంగళవారం మీరు సూది ఎత్తి, “చిక్కుడు గింజేగా?” అన్నారు. “వరిగింజ” అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే అన్నాను. అప్పుడు నాకు అమ్మ గుర్తురాలేదు. అర్లీన్ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి.

పుండు మానాక అమ్మ దగ్గర కూర్చుని మణికట్టు చూపించాను. చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. వెలుతురుకేసి తిప్పి చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఈలోగా కాలువలో ఒక పడవ వెళ్ళింది. దాని పేరు గబగబా చదివేసింది.

మీరన్నదే నిజం. అమ్మ కళ్ళకు అది రాత కాదు. నా సిగ్గుకు తగ్గ సైజే దేవుడు ఇచ్చాడనుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

అమ్మ వదల్లేదు. బొటనవేలు నాలికకు రాసుకుని నా మణికట్టు రుద్దడం మొదలుపెట్టింది. “మళ్ళీ సిరా పూసుకొచ్చావా డెడే? బళ్ళో సిస్టర్ చూసిందంటే గోడకు నిలబెడుతుంది. ఆ చేత్తో చెల్లిని ముట్టుకోకు. కడుక్కో ఫో.”

చిన్నప్పటినుంచి డెడే అని నన్ను ముద్దుగా పిలిచేది అమ్మ ఒక్కతే. అది మీ చేత రాయించాలని నాకు తోచనే లేదు.

“కడుక్కుంటానమ్మా” అని లోపలికి వెళ్ళి నిజంగానే కడుక్కున్నాను. వచ్చి చూపిస్తే, “వదల్లేదు చూడు, మొండిదానా” అంది. ఇప్పుడు రోజూ తిడుతోంది. థాంక్స్ చెప్పడం మానేసింది.

అందుచేత దాన్ని పెద్దది చేయవద్దు. ఆదివారం జాకెట్టు చెయ్యి మడిచే గుడికి వెళ్ళాను. ఫాదర్‌కి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “ఏదీ, చదవనివ్వు” అన్నారు. చదవలేకపోయారు.

మీకూ, వరండాలోంచి మిమ్మల్ని త్వరగా లోపలికి పిలవాలని మీ ఆవిడకూ, నా ప్రార్థనలు.

ఇట్లు,
ఒడీల్

తా.క. అమ్మ నన్ను తిట్టడం వెర్లీ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. రాత్రి అన్నం తినలేదు. వచ్చే మంగళవారం అది కూడా వస్తుంది. పేరు వద్దంటోంది. మరక ఎంత సైజు ఉండాలో మీరే చెప్పండి.