పాముకు మనిషి ముఖం

ప్రొద్దుటూరు,
1955 నవంబరు.

నా బిడ్డ మున్వర్‌కు అమ్మ దువా.

ఇక్కడ నేనూ, మీ చెల్లెలు జరీనా బాగానే ఉన్నాం. అక్కడ నీ ఒళ్ళు బాగుందనీ, మిల్లులో పగటి పని దొరికిందనీ చదివి మనసు కాస్త కుదుటపడింది. నా దగ్గు గురించి అడిగావు. తగ్గింది. కాలిన అంగడిని కడిగిన రోజుల్లో పట్టిన దగ్గు కదా, ఆ మసితోపాటే పోయింది.

మీ గదిలో వాళ్ళంతా ఆదివారం పూట మీ నాయన చేసిన రైలాట ఆడుతున్నారనీ, ఇది కనిపెట్టిన మనిషి ఎట్లాంటివాడని అడిగితే నీకు సరిగా చెప్పడం రాలేదనీ రాశావు. నువ్వు పుట్టకముందు సంగతులు నీకెట్లా తెలుస్తాయి? నేను చెబుతాను. కేసు గురించి కూడా అడిగావు. అదీ చెబుతాను. ముందు ఇది చెప్పనీ.

నేను కాపురానికి వచ్చేనాటికి మీ నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. చాపాడులోనో, పులివెందులలోనో ఎవరింట్లోనన్నా పెళ్ళంటే పరుపులు కుట్టి వచ్చేవాడు. ఎండాకాలం ఆ పని ఉండేది కాదు. ఒక వేసవిలో, నేను ఇంట్లో పొద్దుపోక విసుక్కుంటున్నానని, పరుపు గుడ్డ ముక్కలు కలిపి పచ్చీసు ఆడే పటం కుట్టిచ్చాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు మాకూ కావాలన్నారు. ఆ శ్రావణంలో ఒక మోపు పటాలు కుట్టుకుని గండికి పోయి, ఆంజనేయస్వామి గుడికి వచ్చిన జనం మధ్య ఏటి ఒడ్డున పరిచాడు. పొద్దు వాలకముందే అన్నీ అమ్ముడుపోయి, మరునాడు ఉత్త చేతులతో నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

"పరుపు కుట్టిస్తే దాని మీద పండుకొని నిద్ర పోతారు గులాబూ. ఆట ముందర కూసుంటే మేలుకొని నవ్వుతాండారు. నాకు ఈ పనే బాగుండాది," అన్నాడు.

ఆ తర్వాత విల్లు మూల పెట్టేశాడు. గుడ్డ పటాల నుంచి కాగితం పటాలకు వచ్చాడు, చిన్న అంగడి పెట్టాడు. అచ్చు ప్రెస్సు నారాయణ మామ చెక్క అచ్చులు చెక్కి వైకుంఠపాళి వేసిచ్చేవాడు. గళ్ళలో ఏం రాశారో తెలియకుండా అమ్మడం ఇష్టం లేక మీ నాయన ఆ వయసులో ఆయన దగ్గర అక్షరాలు దిద్దాడు. ఇంటికొచ్చి నాకు నేర్పాడు. ఆయన రాత నా రాత కంటే అధ్వాన్నంగా ఉండేది.

రైలాట ముద్దనూరు స్టేషనులో పుట్టింది. పటాలు అమ్ముకోవడానికి ఆడికి పోయినప్పుడు, ఒకాయన టీ కోసం దిగి బండి తప్పిపోయి, ప్లాట్‌ఫారం మీద నిలబడి కనబడిన వాళ్ళందరినీ తిట్టాడట. మీ నాయన నవ్వు ఆపుకోలేక ఇంటికొచ్చి గోడ మీద బొగ్గుతో గళ్ళు గీశాడు. ముద్దనూరులో ఎక్కాలి, మద్రాసులో దిగాలి. టికెట్టు పారేసుకుంటే మొదటికి పోవాలి. బండి తప్పినవాడిని వెనక వచ్చేవాడు చెయ్యిచ్చి ఎక్కించుకోవచ్చు. ఆ చెయ్యిచ్చే గడి దగ్గరే పిల్లలు ఎక్కువ గొడవపడేవాళ్ళు. జమ్మలమడుగు బజారులో బడి పిల్లలు 'ఆటల తాత వచ్చినాడు' అని ఆయన వెంట పడేవాళ్ళు.

ప్రతి పటం మూలనా 'లాల్ బాషా, ప్రొద్దుటూరు' అని అచ్చు వేయించేవాడు. పేరెందుకని నారాయణ మామ అడిగితే, "ఇన్నేండ్లు పరుపులు కుడితి గదప్పా, ఒక పరుపు మీదన్నా నా పేరు రాసినారా?" అన్నాడట.

అచ్చులన్నీ అంగడిలోనే ఉండి కాలిపోయాయి. నీ దగ్గరున్న రైలాట పటం పంపిస్తే దాన్ని చూసి కొత్త అచ్చు చెక్కుతానని నారాయణ మామ అంటున్నాడు. నలగకుండా అట్టలో పెట్టి పంపు.

మొన్నటి ఎన్నికలప్పుడు నువ్వు ఇక్కడ లేవు. నీకు ముక్కలు ముక్కలుగా తెలిసిందంతా మొదటి నుంచి చెబుతాను. ఎన్నికల ముందు, పార్టీ పనులు చూసే కొండప్ప మన అంగడికి వచ్చాడు. తమ పార్టీ ఆయన ముఖం నిచ్చెనల పైన, అవతలి పార్టీ ఆయన ముఖం పాము తలల మీద ఉండేట్టు వైకుంఠపాళి వేసివ్వమన్నాడు. ఊరూరికీ పంచుతాడట. అంత పెద్ద బేరం మన అంగడికి ఎప్పుడూ రాలేదు.

మీ నాయన తల అడ్డంగా ఊపాడు. "పిల్లోళ్ళు ఆడుకునేది అప్పా ఇది. పాముకు మనిషి మొగం పెడితే, ఆ పిల్లోడు పెద్దయినాక కూడా ఆ మనిషిని పామనే అనుకుంటాడు. నా చేత కాదు."

కొండప్పకు కోపం రాలేదు. నేనిచ్చిన మజ్జిగ తాగి, పోతూ పోతూ ఒక పటం కొనుక్కుని పోయాడు. దాన్నే చూసి ఇంకెక్కడో ముఖాలు కలిపి అచ్చు వేయించాడు. మూలన ఉన్న మీ నాయన పేరు తీయనేలేదు.

మాకు ఆ సంగతి జమ్మలమడుగు బజారులో తెలిసింది. అవతలి పార్టీవాడెవడో మీ నాయన ముందుకొచ్చి కాళ్ళ దగ్గర ఉమ్మి, ఆ పటం చేతిలో పెట్టాడు. అది తీసుకుని కొండప్ప ఇంటికి పోతే, "ఊరికే పేరొచ్చె గదప్పా, ఏంది నీ బాధ?" అని నవ్వాడు. అవతలి పార్టీ పెద్ద దగ్గరికి పోతే గేటు తీయలేదు.

ఆ వారంలోనే, శుక్రవారం మధ్యాహ్నం, అంగడికి నిప్పు పెట్టారు. మీ నాయన నమాజు నుంచి వస్తున్నాడు. నేను అన్నం గిన్నెతో ఎదురు వస్తున్నాను. చాపాడు తిరుపాలమ్మ కొడుకు ఓబులేసు మండుతున్న గుడ్డ లోపలికి విసరడం నా కళ్ళతో చూశాను. అవతలి పార్టీ పెద్ద పొలంలో పనిచేసేవాడే వాడు.

ఇక్కడి దాకా నీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను, బిడ్డా. స్థిమితంగా చదువు.

మీ నాయన అచ్చుల కోసం మంటలోకి దూరాడు. వీధిలో అంతమంది ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. పారిపోతున్న ఓబులేసు వెనక్కి తిరిగి, "మనిషి లోపలికి పోయినాడ్రా!" అని అరుస్తూ లోపలికి ఉరికాడు. మీ నాయనను ఈడ్చుకొచ్చి నా ముందు పడేసింది వాడే. వాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి.

మీ నాయన ఆ కాలిన ఒంటితో వానల దాకా బతికాడు. ఒక రోజు, "ఓబులేసు చేతులు ఎట్లుండాయంట?" అని అడిగాడు. మరుసటి రోజే, "వాడు జైల్లోనే చావల్ల," అన్నాడు. ఏ మాట పట్టుకోవాలో నాకు తెలియలేదు. అందుకే కోర్టులో జరిగినదాన్ని ఆయన మీద వేయను. నేనే చేశాను.

నువ్వు అనుకున్నట్టు కేసు వాయిదా పడలేదు. పోయిన వారం జరిగిపోయింది. "సాక్ష్యం గట్టిగా చెప్పమ్మా, లేకుంటే నేనే వచ్చి చూసుకుంటా," అని నువ్వు రాసిన ఉత్తరం రవికెలో పెట్టుకుని కోర్టుకు పోయాను. గట్టిగా చెప్పాలనే పోయాను. మెట్ల దగ్గర కొండప్ప కనబడ్డాడు. ఎన్నికలు అయిపోయాక ఆయనా, అవతలి పార్టీ పెద్దా వియ్యమందారు, నీకు తెలుసో లేదో. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "గట్టిగా చెప్పు గులాబ్‌బీ. వానికి శిక్ష పడితే ఇంగ అందరికీ పీడ పోతాది."

అందరికీ! పేరు దొంగిలించినవాడికీ, నిప్పు పెట్టి రమ్మని పంపినవాడికీ! ఆయనను తప్పించుకుని మెట్లెక్కాను.

బోనెక్కాక ప్లీడరు, "నిప్పు పెట్టింది ఎవరు?" అని అడిగాడు. ఓబులేసు తల ఎత్తలేదు. వాడి చేతుల తోలు ముడుచుకుపోయి ఉంది. "ఎవరు పెట్టినారో చూడలేదు సామీ. నా మొగుణ్ణి మంటలో నించి తెచ్చింది మాత్రం వీడే," అన్నాను. ఇంకెవరూ సాక్ష్యానికి రాలేదు. వాణ్ణి వదిలేశారు.

మరునాడు తిరుపాలమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని మనింటికి వచ్చింది. నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను తలుపు వేసుకున్నాను. పాపం, ఎండలో నడిచి వచ్చారు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "మరి యాల విడిపిస్తివమ్మా?" అని జరీనా అడిగింది. విడిపించడం నా చేతనైంది, మాఫీ చేయడం కాలేదు. ఆ మాటే చెప్పి పొయ్యి దగ్గరికి పోయాను.

నేను చేసింది న్యాయమని చెప్పుకోను. పడుకుంటే మీ నాయన నా వైపు చూడకుండా కూర్చున్నట్టే ఉంటుంది. ఇంకెవరో చెబితే వినడం కంటే నా చేతి రాతలో చదవడం మేలని రాశాను. నీకు కోపం వస్తుంది. వచ్చి తీరుతుంది. ఆ కోపాన్ని చాపాడుకు తీసుకుపోవద్దు, కొండప్ప గడపకూ తీసుకుపోవద్దు. రైలు దిగి నేరుగా ఇంటికి రా. ఎంత అరవాలనుకుంటే అంతా నా మీదే అరుచుకో. నేను ఎక్కడికీ పోను.

ఇట్లు,
నీ కోసం వాకిట్లో కూర్చున్న
అమ్మ గులాబ్‌బీ.