చిట్టి పెరిగిపోయిన సంగతి

అమ్మకు: నేను క్షేమం, నా కుక్క చిట్టి నాకంటే క్షేమం.

మా ఓనరమ్మగారు పొట్టి జాతి కుక్కనైతేనే గదిలో ఉండనిస్తానంటే, ఇది పామరేనియనే అని ప్రమాణపూర్వకంగా చెప్పి, నమ్మకం కుదరడానికి చిట్టి అని పేరు కూడా పెట్టాను. ఏడాది తిరక్కుండానే వాడు నా నడుం దాకా వచ్చాడు. పశువుల డాక్టరు చూసి, "తల్లి సంగతి తెలీదు గానీ, తండ్రి మాత్రం గుర్రమే అయ్యుండాలి" అని తేల్చారు.

నిన్న ఓనరమ్మగారు మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చారు.

"ఏం బాబూ, పామరేనియన్ అన్నావు?"

"అవునండీ. కాస్త తిండిపుష్టి ఎక్కువ."

"కుక్కనైనా పంపించెయ్, గదైనా ఖాళీ చెయ్."

వాణ్ణి వదల్లేను, ఈ జీతానికి ఇంకో గదీ దొరకదు. చిట్టి మాత్రం వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆయాసంలో ఉన్న ఆవిడ, గోడ అనుకున్నారో ఏమో, వాడి వీపు మీద చెయ్యి ఆనించారు. చాలాసేపు తియ్యలేదు.

"మా పాత కుక్క పొట్టిది. ఈ మోకాళ్లతో వంగి దాన్ని నిమరలేకపోయేదాన్ని" అన్నారు చివరికి. "ఉండనీలే. వీడైతే వంగక్కర్లేదు."

ఇవాళ పొద్దున వాడి మీద చెయ్యేసుకుని మెట్లు దిగి కూరగాయలకు వెళ్లారు. నన్ను అడగను కూడా లేదు.

నాన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటున్నారా, సొరుగులో దాచారా? వంటింటి కుళాయి కారడం ఆగిందా? చిట్టికో పాత దుప్పటి పంపు. పసిపిల్లలది కాదు, నాన్న కప్పుకునేంతది. నాన్నకు నమస్కారాలు, చెల్లికి నా తరఫున ఒక మొట్టికాయ. జవాబు ఈ చిరునామాకే రాయి; మేమిద్దరం ఇక్కడే ఉంటాం.