సంతోషమ్మ అడిగిన మాట

1952 జనవరి, శుక్రవారం. రాజోలు.

పోలింగు అయిపోయింది. ఎన్నికల్లో నిలబడ్డ కామందుగారు మాట తప్పలేదు. చర్చి పైకప్పుకి పెంకుల బండి ఈ సాయంత్రమే వచ్చింది.

పోయిన ఆదివారం ఆయన ఆరాధనకి మా చర్చి గుడికి వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. పాస్టరుగా, ప్రార్థన చెయ్యమంటే ఎవరికైనా చేస్తాను. కాని ఆయన తల మీద చెయ్యి ఉంచి గెలుపు కోసం చేశాను. ఆమెన్ అన్నాక, ఆయన ఓట్ల పెట్టె మీద ఏ గుర్తు ఉంటుందో కూడా సంఘానికి చెప్పాను. అది చెప్పమని ఆయన అడగలేదు.

పెంకులు దింపుతుండగా మా సంఘంలోని సంతోషమ్మ వచ్చి బండి పక్కన నిలబడింది.

"అయ్యగారూ, ఈ ఆదివారం నేను ప్రభువు బల్లకి, రొట్టె తీసుకోడానికి, రాకూడదాండి?"

ఎందుకన్నాను.

"కూలి పెంచమన్నందుకు కామందుగారి మనుషులు మా ఇంటాయన్ని కొట్టేరు కదండీ. ఆయన పెట్టెలో ఓటు వెయ్యడానికి చెయ్యి రాలేదండి. పక్కదాంట్లో వేసేను. మీ ప్రార్థనకి అడ్డం వెళ్లినట్టేనాండి?"

ఎవరికి వేసినా పాపం కాదనీ, తప్పకుండా రమ్మనీ చెప్పాను.

"ఆయ్," అంది. వెళ్లబోయి ఆగింది. "మరి ఆ మాట గుళ్లో చెప్పలేదేటండీ?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని నిలబడింది.

నేను బండివాడి వైపు తిరిగి, పెంకులు పగలకుండా దింపమన్నాను.