ఎదురుగా మనిషి ఉన్నచోట

బందరు,
బుధవారం.

అమ్మకు నాగమణి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ నాన్నా తమ్ముడూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోకు. ఐదో నెల వచ్చాక వాంతులు తగ్గాయి. ఇక్కడి నీళ్ళ ఉప్పదనం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్ళతో మాట్లాడాలంటే ఇప్పటికీ నోరు పెగలదు. పగలంతా వంటింట్లోనే గడిచిపోతుంది. అయినా బాగానే ఉన్నాను.

కానీ ఒక సంగతి రాయాలి. చదివితే నీకు కోపం వస్తుందని తెలుసు. నాకూ కోపంగానే ఉంది.

కాపురానికి పంపేటప్పుడు "మొగుడు తినకుండా మెతుకు ముట్టకు" అన్నావు కదా. అత్తయ్యదీ అదే మాట. ఆవిడ మాత్రం బీపీ మాత్రలు వేసుకోవాలని పన్నెండింటికే తినేస్తుంది. మీ అల్లుడు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పి ఎప్పుడొస్తే అప్పుడే నాకు భోజనం. మొన్న ఆదివారం ఇంటిదగ్గరే ఉన్నారు, వేళకి తింటానని ఆశపడ్డాను. ఇంతలో ఆయన దగ్గర నేర్చుకునే పెడన అమ్మాయి వచ్చింది. "ఐదు నిమిషాలు, వచ్చేస్తున్నా" అన్నారు. మూడు దాటింది. కళ్ళు తిరుగుతుంటే గడప దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాను. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర వాళ్ళ మాటలన్నీ వినబడుతున్నాయి.

ఆ అమ్మాయి బడిపిల్లల కోసం ఏదో ఆట తయారుచేసిందట. ప్రశ్న కనబడ్డాక కాసేపాగి జవాబు రావాలి.

"కంప్యూటర్ని కాసేపు నిద్రపొమ్మని ప్రోగ్రాంలో రాశానండి. లేచాక జవాబు చూపిస్తుంది," అంది.

"ఈలోపు పిల్లాడు ఏదైనా నొక్కితే?" అని ఈయన టకటకా నొక్కారు. "చూడు, ఏదీ పలకట్లేదు. అంతా బిగుసుకుపోయింది. ఒక్క పని ఆలస్యం చెయ్యడానికి అన్నిటినీ కట్టేస్తావా? నిద్ర తీసేసి, తెరమీదున్న ఈ గడియారం బొమ్మ పెట్టు. వేళకి అదే జవాబుని పిలుస్తుంది. అప్పటిదాకా మిగతా పనులు వాటి మానాన సాగుతాయి."

"మరి ఆ నిద్రపుచ్చేది ఎందుకుందండీ?"

"అది రాయడం తేలిక. ఇంకో పని లేనిచోట, చూసేవాళ్ళు లేనిచోట వాడుకో. ఎదురుగా మనిషి కూర్చున్నచోట మాత్రం వాడకు."

నాకు ఒళ్ళు మండిపోయిందమ్మా. ఇంత తెలిసిన మనిషికి గోడకివతల నేను కూర్చున్నానని తెలియదా? కంప్యూటర్ క్షణం బిగుసుకుపోతే తప్పట! నేను రోజూ బిగుసుకు కూర్చుంటే మర్యాదట!

లేచి కంచం పెట్టుకున్నాను. బీరకాయ పప్పు, నువ్విచ్చిన చింతకాయ తొక్కు. ఏడుస్తూనే కడుపునిండా తిన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక ఈయన వచ్చి, "ఇద్దరికీ వడ్డించు" అన్నారు.

"మీకు వడ్డిస్తాను. నేను తినేశానండి."

"అయ్యో రాత! మొగుడికంటే ముందే?" అంది అత్తయ్య మంచం మీద నుంచి.

"ఆయనే చెప్పారత్తయ్యా, ఎదురుగా మనిషి ఉన్నచోట అన్నీ ఆపెయ్యకూడదని." నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"అది కంప్యూటర్ సంగతే పిచ్చిదానా!" అని ఈయన నవ్వారు.

"దానికి ఆకలెయ్యదు కదండీ. నాకేస్తుంది. లోపలున్న బిడ్డకీ వేస్తుంది."

నవ్వు ఆగిపోయింది. తలొంచుకుని తిన్నారు.

అప్పటినుంచి అత్తయ్య నాతో మాట్లాడట్లేదు. నిన్న ఈయన చెప్పులేసుకుంటూ, "నాకోసం చూడకు, తినెయ్" అని ఆవిడకి వినబడేలా అన్నారు. ఈ ముక్క అనడానికి ఇన్నాళ్ళు పట్టాలా? నా కోపం ఇంకా పోలేదు. అయినా నువ్వు కంగారుపడకు, బాగానే ఉన్నాను. తొక్కు అయిపోవచ్చింది, ఇటు ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపు. అమ్మమ్మకి నా దణ్ణాలు చెప్పు. నన్నూ, పుట్టబోయే బిడ్డనీ దీవించు.

నాన్న చల్లపల్లి మిల్లు నుంచి పొద్దుపోయి వచ్చేదాకా, నువ్వు మంచినీళ్ళతోనే గడపలో కూర్చునేదానివి. ఇది చదివేటప్పుడు కూడా అలాగే కూర్చుని ఉంటే, ఉత్తరం పక్కన పెట్టి ముందు వెళ్ళి తినమ్మా.

నీ కూతురు,
నాగమణి